తీసేసిన పాట

"తీస్తవా తియ్యవా, ఒక్క మాట చెప్పు," అన్నడు మంగ్త్యా.

సరళ ఇంకా చెప్పులు గూడ ఇడవలేదు. అనంతగిరి హైస్కూల్ల ఆఖరి పీరియడ్ కాంగనే, కోదాడల తన కిరాయింటికి పోకుండ సీదా తండాకు, తల్లిగారింటికి వచ్చింది. ఆదివారం సంది ఆ ఇంట్ల ఇదే లొల్లి. ఇయ్యాల బుధవారం.

"ఏం తియ్యమంటున్నవో నీకు తెలుసా బా? అది పాట. తప్పు మాట ఒక్కటి లేదు దాంట్ల."

"పాట గాదు. నా ఇంటి ఇజ్జత్."

ఇజ్జత్ దాకా వచ్చిండంటే ముసలి తండ్రితోని మాట్లాడుడు ఇగ కష్టమే. వాళ్లింట్ల మాటలన్నీ లంబాడీలనే నడుస్తయి, తండ్రిని బా అంటరు, తల్లిని యాడి అంటరు, మిగిలింది మనం తెలుగుల చెప్పుకుంటున్నం అంతే. కాని ఇజ్జత్ అన్న మాట ఏ భాషల అన్నా మంగ్త్యా గొంతు అట్లనే లేస్తది.

సంగతేందంటే, సరళ తొమ్మిదో తరగతికి తెలుగు చెప్తది. పిల్లలతోని ఒక బ్లాగు నడిపిస్తది. శనివారం కంప్యూటర్ రూముల పిల్లలు రాస్తరు. ఇంట్ల పెద్దోళ్లను ఏదో ఒకటి అడిగి, విన్నది విన్నట్టు రాయాలె. చదివినోళ్లు కామెంట్లు పంపుతరు. సోమవారం క్లాసుల రాసిన పిల్లనే లేచి ఆ కామెంట్లు గట్టిగ చదివి, జవాబు రాయాలె. గైడు చూసి ఎక్కించుడు అలవాటైన పిల్లలు, ఎవరో ఎరుగని మనిషి చదువుతున్నడంటే వాక్యాన్ని రెండుసార్లు దిద్దుకుంటరు. సరళకు కావాల్సింది అదే.

మొన్న శనివారం ఉమ వంతు. ఉమ సరళకు మేనకోడలు, అన్న హీరాలాల్ బిడ్డ. దాదీని, అంటే సరళ తల్లి భూలిని, అడిగి ఢావ్లో పాడించుకుని ఫోన్ల పట్టింది. లంబాడోళ్ల పెండ్లిల పిల్ల అత్తగారింటికి పోయేముందు, తల్లిదండ్రుల మెడ, అన్నదమ్ముల మెడ పట్టుకుని పాడుకుంట ఏడ్సే పాట అది. పాట కింద ఉమ తెలుగుల అర్థం గూడ రాసింది. "మా దాదీకి ఆ రోజు అన్న మెడ దొరకలేదు. ఆయన పెండ్లికి రాలేదు. ఇంటి ముందర గుంజను పట్టుకుని ఏడ్చింది," అని.

ఆ గుంజ కాడనే మొదలైంది లొల్లి.

"మేళ్లచెరువుల సిమెంట్ లోడ్ కోసం లైన్ల లారీ పెట్టుకుని కూసున్న," అన్నడు హీరాలాల్. "పక్క లారీ డ్రైవర్ ఫోన్ల మా యాడి ఏడుపు. హీరా, మీ యాడినా ఈమె, మీ మామ పెండ్లికే రాలేదా అని అడుగుతున్నరు. నేనేం చెప్పాలె?"

"మంచిగ పాడుతదని చెప్పకపోయినవా."

"నీకు నవ్వులాటగ ఉంది. నాకు చాయ తాగబుద్ధి గాలే ఆడ."

"లారీలోళ్ల సంగతి ఇడువు," అన్నడు మంగ్త్యా. "రూప్లా ఫోన్ చేసిండు నాకు. ఇగ నాకు చెల్లె లేదు అన్నడు. ఎవ్వరెత్తని ముచ్చట ఇన్నేండ్లకు మీరెత్తిండ్రు, నా మనుమలు నన్ను నిలదీస్తున్నరు అన్నడు. మీ యాడికి ఉన్నదే ఒక్క అన్న. నీ బ్లాగు ఆయన్ను గూడ లేకుండ చేసింది."

రూప్లా మిర్యాలగూడ పక్క తండాల ఉంటడు. పెండ్లిళ్లకు, చావులకు కలుస్తడు. మాట తక్కువ మనిషి. ఆయన నోట్లకెళ్లి అంత మాట వచ్చిందంటే సరళకు ఒక పట్టాన నమ్మబుద్ధి గాలే. కని తండ్రి ఎందుకు అబద్ధం చెప్తడు?

"నేను మాట్లాడుత మామతోని."

"మాట్లాడడు. మళ్ల ఫోన్ చెయ్యొద్దన్నడు."

భూలి పొయ్యి కాడ జొన్నరొట్టెలు చేస్తున్నది. ఆదివారం సంది ఆమె ఎవ్వరితోని సరిగ మాట్లాడలే. పెట్టింది తింటలే. సరళ పోయి తల్లి పక్కన కూసుంది.

"యాడీ, నువ్వు చెప్పు. తీసెయ్యనా?"

భూలి రొట్టెను పెనం మీద తిప్పేసింది. తడిచెయ్యి పెట్టి అద్దింది.

"ఏం చెప్తది?" అన్నడు మంగ్త్యా వెనకనుంచి. "అన్న దూరమైనంక ఏం మాట్లాడుతది? అది తీసేదాక దానికి ముద్ద దిగది."

తల్లి మొఖం పీక్కపోయి ఉంది. కండ్లు ఎర్రగున్నయి. పొగకు ఎర్రబడ్డయో, ఏడ్సి ఎర్రబడ్డయో తెలుస్తలే. సరళ తండ్రి కోపాన్ని ఓర్చుకుంటది, అన్న ఎత్తిపొడుపు ఓర్చుకుంటది. ఇది మాత్రం ఆమెతోని కాదు.

"ఉమను అడగాలె," అన్నది నసుగుకుంట. "రాసింది అది. రాసినోళ్లను అడగకుండ ఏదీ తియ్యనని క్లాసుల మాటిచ్చిన."

"తొమ్మిది సదివే పోరిని అడగాల్నా, ఇంట్ల పెద్దోళ్లు చెప్పినంక గూడ?" అన్నడు హీరాలాల్. "దాని తండ్రిని నేను చెప్తున్న. తియ్యి."

ఉమ ఇంట్ల లేదు. తెల్లారితే సూర్యాపేటల టీచర్ల మీటింగ్. అక్కడ ఈ బ్లాగు గురించి చెప్పాలె. హెడ్మాస్టర్ సాంసన్ సారు ఉమను గూడ రమ్మన్నడు. యూనిఫాం ఇస్త్రీ చేయించుకొస్తనని ఊర్లకు పోయింది పిల్ల.

సరళ ఫోన్ తీసింది. నిజంగ తీసెయ్యాల్నా అని ఫోన్ ఒకసారి అడిగింది. ఆమె వేలు పెట్టింది. పాట పోయింది.

"పోయింది. తిను ఇగ," అన్నడు మంగ్త్యా భార్యతోని.

భూలి చెయ్యి ఆగింది. తలెత్తి బిడ్డ దిక్కు చూసింది. సరళ ఆ చూపును నిమ్మళం అనుకుంది. మనిషి తనకు కావాల్సినట్టే అనుకుంటది గద. ఆ రాత్రి భూలి ఒక రొట్టె తిన్నది గూడ. ఉమ వచ్చే యాళ్లకు సరళ కోదాడ ఆటో ఎక్కింది. మీటింగ్ అయినంక చెప్పుదాం లే అనుకుంది.

*

సూర్యాపేట మీటింగ్ హాలు నిండుగ ఉంది. ఉమ ఇస్త్రీ యూనిఫాం నలగకుండ కుర్చీ అంచున కూసుంది.

సరళ అన్నీ చూసుకునే పెట్టుకుంది. గోపి రాసిన వడ్ల ముచ్చట చూపించింది. మిల్లుల పనిచేసే తండ్రిని అడిగి, బియ్యం మిల్లుకు వడ్లొస్తే ఏమేం చేస్తరో రాసిన పోస్ట్ అది. కామెంట్లల ఒక మిల్లు మేస్త్రీ తప్పు దిద్దితే గోపి ఎట్ల ఒప్పుకున్నడో, ఆ పేరాను ఎట్ల తిరగరాసిండో చెప్పింది. వాట్సాప్‌ల పెట్టింది కొట్టుకపోతది, బ్లాగుల పెట్టింది నిలబడతది, అందుకే పిల్లలు జాగ్రత్తగ రాస్తరు అన్నది. టీచర్లు తలలూపిండ్రు. ఇగ గట్టెక్కినట్టే అనుకుంది.

అప్పుడు మిర్యాలగూడ నుంచి వచ్చిన సుధ మేడం లేచింది.

"అంతా బాగుంది గాని మేడం, ఇంటి సంగతులు పిల్లలు రాస్తే ఇంట్లోళ్లు ఊరుకుంటరా? లొల్లి చేస్తే ఏం చేస్తరు?"

 ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే అదే సమయం. నిన్న నా ఇంట్లనే లొల్లి అయింది, నేను ఓడిపోయిన అని చెప్పొచ్చు. సరళ మైక్ సర్దుకునే లోపలే సాంసన్ సారు లేచిండు. మంచి మనిషి, తన బడి గురించి చెప్పాలంటే ఆగలేడు.

"మా దగ్గర ఒక పద్ధతుంది మేడం. రాసిన పిల్లను అడగకుండ ఏదీ తీసెయ్యం. మా ఉమ వాళ్ల దాదీ పాట పెట్టింది, ఊరంత విన్నరు. ఉమా, రామ్మా, నువ్వే చూపెట్టు."

"సార్, టైం అయితుంది," అన్నది సరళ.

"రెండు నిమిషాలు."

ఉమ లేచి పోయింది. ఆరో తరగతిల ఈ బడికి వచ్చిన కొత్తల, ఆమె తెలుగు విని పిల్లలు నవ్విండ్రు. ఆ దినం నుంచి నోరు మూసింది పిల్ల. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే. ఆమె మాటలంటూ బయటికి వచ్చింది ఈ బ్లాగుల రాతల్లనే. అట్లాంటిది ఇప్పుడు మైక్ ముందర నిలబడ్డది.

"ఇది మా దాదీ పాట," అన్నది. మాట స్పష్టంగ వచ్చింది. "ఇంత పెద్ద పాట మా దాదీకి మొత్తం నోటికొస్తది."

నొక్కింది. తెర మీద పేజీ లేదని వచ్చింది.

"నెట్ ప్రాబ్లం," అన్నడు సాంసన్ సారు.

ఉమ మళ్ల నొక్కింది. పోస్టులన్నీ వరుసగ తెరిచి చూసింది. ముందు వారాలల పిల్లలు రాసిన పోస్టులు, గోపి పోస్ట్, అన్నీ ఉన్నయి. ఆమెది లేదు. ఉమ తిరిగి సరళ దిక్కు చూసింది. సరళ కింది చూపులు చూసింది.

"నెట్ ఉంది సార్," అన్నది ఉమ మైక్‌ల. "పాటనే లేదు."

పోయి తన కుర్చీల కూసుంది. హాలు వేరే ముచ్చట్లల పడ్డది. సాంసన్ సారు ఏం అడగలే. ఆయన అడగకపోవుడు సరళకు ఇంకా సిగ్గనిపించింది.

*

సాంసన్ సారుకు సూర్యాపేటల వేరే పనుంది. కోదాడ బస్సుల అత్తా కోడలే ఎక్కిండ్రు. ఉమ కిటికీ పక్కన కూసుంది. హైవే మీద దాబాలు, పెట్రోల్ బంకులు వెనక్కి పోతున్నయి.

"నేనే తీసిన," అన్నది సరళ.

"తెలుసు."

"నిన్న ఇంట్ల ఎంత లొల్లి అయిందో నువ్వు చూడలే. మీ బాపు, తాత..."

"దాదీ తియ్యమన్నదా?"

 సరళ నిన్నటి మాటలన్నీ యాదికి తెచ్చుకుంది. తండ్రి అన్నడు, అన్న అన్నడు. తల్లి అనలే.

"అనలే. కని వద్దని గూడ అనలే గద. ఏం అనకపోతే ఇష్టమే అనుకున్న."

"ఆరో తరగతిల నేను గూడ ఏం అనలే," అన్నది ఉమ. "అందరు నన్ను మొద్దు అనుకున్నరు."

 తండానుంచి మొదటిసారి హైస్కూలుకు పోయిన ఆడపిల్ల సరళ. వెనక బెంచీల నోరు మూసుకుని కూసునుడు ఎట్లుంటదో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అటువంటి పిల్లలతోనే మాట్లాడించాలని ఈ బ్లాగు పెట్టింది. చివరికి ఆ పిల్ల నోరు తనే మూసింది.

"తప్పయింది ఉమా. అడగాల్సి ఉండె."

"సరే."

"మళ్ల పెడుదాం కొన్ని దినాలైనంక. ఇంట్ల జర సల్లబడనియ్యి."

"నేను ఇగ రాయ అత్తా."

ఏడ్వలే, అలగలే. దుకాణంల సరుకు లేదని చెప్పినట్టు చెప్పింది. ఏడ్సినా బాగుండు అనిపించింది సరళకు. ఏడ్సే పిల్లను సముదాయించొచ్చు. 

కోదాడ దగ్గరికొస్తుంటె ఉమనే అడిగింది.

"కామెంట్లు ఏమన్న వచ్చినయా, తీసేటప్పటికి?"

సరళ చూడనే లేదు. ఎవరు కామెంట్ రాసినా ఆమె చూసి ఒప్పుకుంటెనే బ్లాగుల కనిపిస్తది. ఆదివారం సంది లొల్లిల ఆ పని మర్చిపోయింది, సోమవారం క్లాసుల గూడ ఆ పోస్ట్ ముచ్చట ఎత్తలే. పాటతోని కామెంట్లు గూడ పోయి ఉంటయి. కని ప్రతి కామెంట్ కాపీ ఆమె మెయిల్‌కు వస్తది, అది పోదు. ఫోన్ తీసి వెతికింది. ఒకటే ఉంది. ఆదివారం సాయంత్రం వచ్చింది. పేరు ప్రవళిక.

"మిర్యాలగూడల ఇంటర్ సదివే ప్రవళికనా? రూప్లా తాత మనుమరాలు," అన్నది ఉమ. "ఇటు తే అత్తా. నా పోస్ట్ మీద వచ్చిన కామెంట్ నేనే సదవాలె గద."

అది క్లాసుల పద్ధతే. సరళ ఫోన్ ఇచ్చేసింది. ఉమ మొత్తం చదివింది. మళ్ల మొదటికొచ్చి చదివింది. ఫోన్ తిరిగి ఇయ్యలే.

"ఏం రాసింది? తిట్టిందా?"

"ఇది దాదీకి రాసింది. ముందుగాల దాదీకే సదివి వినిపిస్త."

సరళ చెయ్యి చాపబోయి ఆగింది. ఒక్కసారి అడగకుండ చేసిన పని చాలనుకుంది.

*

తండాకు చేరేటప్పటికి పొద్దు ఇంకా గుంకలే. మంగ్త్యా వాకిట్ల నులక మంచం మీద కూసుని చాయ తాగుతున్నడు. హీరాలాల్ డ్యూటీ దిగి అప్పుడే వచ్చిండు. భూలి గడపల కూసుని కందులు చెరుగుతున్నది.

ఉమ బ్యాగు గూడ దించకుండ దాదీ ముందర పోయి నిలబడ్డది, క్లాసుల నిలబడ్డట్టే.

"మళ్ల ఆ ఫోనేంది," అన్నడు మంగ్త్యా. "తీసేసినంక ఇంకేం ముచ్చట?"

"దాదీ, నీకొక కామెంట్ వచ్చింది. సదవాల్నా?"

భూలి చాట పక్కన పెట్టి సదవమన్నట్టు తలూపింది. ఉమ సదివింది.

"మా తాత రూప్లా చెప్తుంటే రాస్తున్న. చెల్లే, నీ పాట విన్న. ఇప్పుడు విన్నుడు రెండోసారి. నీ పెండ్లినాడు గూడ విన్న. కాలువ పనికాడి నుంచి రాత్రంత నడిచొచ్చిన. మన తండా మొగదల మంగ్త్యా బావ ఎదురైండు. ఒక మాట అన్నడు. ఆ మాటకు నేను లోపలికి రాలే. ఆడనే నిలబడి పాట అయ్యేదాక విని వెనక్కి పోయిన. నువ్వు గుంజను పట్టుకున్నవని నాకు ఇప్పటిదాక తెల్వది. పొద్దున నీతోని మాట్లాడాలని ఫోన్ చేసిన. నువ్వు నాతోని మాట్లాడనన్నవని బావ చెప్పిండు. అందుకే ఇక్కడ రాయిస్తున్న. జవాబు కోసం చూస్తుంట."

 సరళ తండ్రి దిక్కు చూసింది. చెల్లె లేదన్నడని చెప్పింది ఎవరు, మళ్ల ఫోన్ చెయ్యొద్దన్నడని చెప్పింది ఎవరు? ఆ ఫోన్ల రూప్లా గొంతు ఈయన తప్ప ఇంట్ల ఇంకెవ్వరు వినలే. వొళ్లు మండింది ఆమెకు. తండ్రి మీద ఎంతనో, తన మీద అంతే.

"నేను మాట్లాడనన్ననా?" అన్నది భూలి.

ఆదివారం సంది అంత గట్టిగ ఆమె మాట్లాడుడు అదే. మంగ్త్యా గ్లాసు కింద పెట్టిండు.

"చెల్లె లేదన్నడంటే నేను నమ్మలే, మా అన్న ఏమంటడో అని ఎదురుచూసిన," అన్నది ఆమె. "పాట ఆయనకు చేరిందని తెలిసినంక నాకు ముద్ద దిగలే. ఇప్పుడన్న ఎందుకు రాలేదో చెప్తడని."

"మరి తియ్యనా అంటే నాకు చెప్పకపోయినవ్ యాడీ," అన్నది సరళ.

"నువ్వు అడిగినవ్. మీ బా జవాబు చెప్పిండు. నువ్వు ఆయన్నే విన్నవ్."

సరళ పోయి తల్లి పక్కన గడపల కూసుంది.

"బా," అన్నడు హీరాలాల్. "ఏమన్నవ్ మామను?"

"పాతయి. ఎవనికి యాదుంటయి."

"నాకు యాదుంది," అన్నది భూలి. "నేను పట్టుకున్న గుంజ మీద సున్నం రాలి నా చేతులకంటుకున్నది గూడ యాదుంది. నీకెట్ల మర్పొచ్చింది? ఉమా, ఆ ఫోన్ల పట్టు. మీ తాత చెప్తడు."

ఉమ కదలలే. సరళ దిక్కు చూసింది.

"నేను ఇగ రాయనన్న గద అత్తా. పట్టినంక మళ్ల మీరు తీసేస్తే?"

ఆ పిల్ల కండ్లల కోపం లేదు. నిజంగ తెలుసుకుందామని అడుగుతున్నది. మాటిచ్చుడు సరళకు కష్టం కాదు, ఇదివరకు గూడ ఇచ్చింది. ఆ మాటకు ఇప్పుడు విలువ లేదని ఆమెకే తెలుసు.

"పాస్‌వర్డ్ నువ్వు మార్చుకో," అన్నది. "నాకు చెప్పకు. తీసుడైనా పెట్టుడైనా ఇగ నీ చేతుల్నే ఉంటది."

ఉమ కొద్దిసేపు ఆలోచించింది. తర్వాత ఫోన్‌ను నులక మంచం మీద, తాత పక్కన పెట్టి రికార్డింగ్ నొక్కింది.

మంగ్త్యా ఆ ఫోన్ దిక్కు చూసిండు. అరుస్తడేమో అనుకున్నరు అందరు. అరవలే. ముసలి మొఖం ఒక్కసారిగ జారిపోయింది.

"నీ చెల్లె నన్ను చూసిన కాడి నుంచి ఏడుస్తనే ఉంది అని రూప్లాకు చెప్పిన," అన్నడు మెల్లగ. "నువ్వు లోపలికి పోతే నీ మెడ పట్టుకుంటది. పట్టుకుంటే ఇగ ఇడువది, నాతోని రాదు. ఇంటిముందర నేను ఒక్కణ్నే మిగులుత. నీ కాళ్లు మొక్కుత, వెనక్కి పో అని బతిమాలిన. నిజంగనే కాళ్లు పట్టుకున్న. పోయిండు."

 భూలి చేతులు ఒళ్లె పెట్టుకుని, ఇన్నేండ్లు కాపురం చేసిన మనిషిని కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నది.

ఉమ ఫోన్ చేతిలకు తీసుకుంది.

"పట్టిన దాదీ. రూప్లా తాతకు జవాబు దీంట్ల ఉంది. బ్లాగుల పెట్టాల్నా?"

"పెట్టొద్దు," అన్నడు మంగ్త్యా. "మీ దాదీకి అది..."

"బా, నువ్వు ఆగు," అన్నది సరళ. "అడిగింది యాడిని."

మంగ్త్యా ఆగిండు. హీరాలాల్ లేవబోయి మళ్ల కూసున్నడు. అందరు భూలి దిక్కే చూస్తున్నరు, ఈసారి ఆమె బదులు ఎవ్వరు జవాబు చెప్పలే.